మూడో కన్నం

డాబాగార్డెన్స్ సందులో
దాలినాయుడు తన కొట్టు బల్ల మీద
మూడు పెట్టెలు విప్పి పెట్టాడు.
నా చీటీ డబ్బు
బ్యాగు లోపలి జిప్పులో ఉంది.

మొదటిదాని మొహం నిండా అంకెలే.
స్విచ్చి వేసిన పది సెకన్లకే
నీలం వెలుగులో మూడొందల యాభై అంది.
రెండోదానికి ఒక గుండ్రటి నాబ్, అంతే.
మూడోది జపానుదట.
ధర విని మూత నేనే పెట్టేశాను.

ఇన్నాళ్లూ నా దగ్గరున్నది పాతిక వాట్ల పుల్ల.
ప్లగ్గు పెడితే కాలుతుంది, తీస్తే ఆరుతుంది,
మధ్యలో దానికి ఇంకో మాట తెలీదు.
ఫిషింగ్ హార్బర్ ఎల్లాజీ రేడియోని పలికించిందీ దాంతోనే,
మా డీజిల్ షెడ్డు పారేసిన బోర్డు మీద
రాగి దారులు చేప పొలుసుల్లా లేచిపోయేదాకా
కాల్చిందీ దాంతోనే.
ఇక మొనలంటారా,
ఈ ఊరి గాలికి ఇనుము ఆగుతుందా?
డబ్బాలో మూతపెట్టి దాచినవి కూడా
వానలు వెళ్లేసరికి ఇటుకపొడి.

"ఏటమ్మా అలా సూత్తన్నావు? అంకెలది తీస్కో,
కుర్రోళ్లందరూ అదే అడుగుతన్నారు."
"పెట్టె చెప్పేది చదివాను నాయుడూ,
మొన ఏమంటుందో వినాలి."

బ్యాగులోంచి రాగిరేకు తీశాను,
అరచేయంత, ఇంట్లో కత్తిరించి తెచ్చుకున్నది.
అతను నవ్వాడు,
బెండకాయ కొస తుంచి చూసే వాళ్లని చూసి
బజార్లో నవ్వినట్టు.

అంకెలదాన్ని ఆనించి తగరం తీగ అందించాను.
తెర మీద మూడొందల యాభై చెక్కు చెదరలేదు.
మొన మాత్రం
చద్దన్నంలో గరిటెలా నిలబడిపోయింది.
పైకి లాగితే రేకు కూడా వచ్చింది.

రెండోది
మొహం మీద ఏమీ రాసుకోనిది,
ఒక్క క్షణం తడబడి,
లోపలెక్కడో ఊపిరి బిగబట్టి
మళ్లీ పట్టు చిక్కించుకుంది.
తగరం మెరుస్తూ పరుచుకుంది.
గుగ్గిలం పొగ నా కళ్లలోకొచ్చింది.
దాలినాయుడు నవ్వాపి
తన వైపున్న ఫ్యాను నా వైపు తిప్పాడు.

మొనలు దొరుకుతాయా మరి?
"ఆరు రకాలు. నా కొట్టున్నంత కాలం."
అది ఎంత కాలమో నేనడగలేదు.

బిల్లు రాస్తూ అతనే అడిగాడు:
"ఇంట్లో ఎర్తుందేటి?"

కంచరపాలెంలో మేడ మీద గది.
గోడకి మూడు కన్నాల ప్లగ్గే.
అద్దెకి దిగిన రోజున స్క్రూ విప్పి చూశాను:
రెండు కన్నాల వెనక తీగలు,
మూడోదాని వెనక సాలెగూడు.
అప్పుడప్పుడూ వేలికి జుమ్మనేది అందుకే.
ఎల్లాజీ రేడియోలో కొత్త చిప్పు రెండుసార్లు పోయిందీ
అందుకే కాబోలు.
అన్ని రాత్రులూ నా చేతినే తిట్టుకున్నాను.

"అయితే దీని మూడో కాలు
గాల్లో ఏలాడతాదమ్మా."

జపానుదానికి చాలని డబ్బు
గొయ్యికి సరిపోయింది.
ఆదివారం పూర్ణా మార్కెట్లో
బస్తా బొగ్గు, పది కిలోల రాళ్లుప్పు.
"ఆవకాయకా?" అన్నాడు ఉప్పు కొట్టాయన.
"రేడియోకి" అన్నాను.
తూకం ఆపి నన్నొకసారి చూశాడు.

ఇంటావిడ వరహాలమ్మ గారి బట్టల రాయి పక్కన
మనిషి లోతు తవ్వించి గొట్టం దింపాం.
కిటికీ చువ్వల్ని కొరికి,
తాళం కప్పల్ని బిగించి,
నా మొనలన్నిటినీ తినేసి,
సముద్రం ఇంటింటికీ ఊరికే పంచిపెట్టే ఉప్పుని
డబ్బిచ్చి కొని
దోసిళ్లతో గోతిలో పోశాను.
ఒక వరస బొగ్గు, ఒక వరస ఉప్పు,
పైన రెండు బిందెల నీళ్లు.

ఆ రాత్రి మూడో కన్నంలో తీగ పెట్టి చూస్తే
పరీక్ష బల్బు వెలిగింది.
కొత్త పెట్టెని ఇంకా విప్పలేదు.
షెడ్డులో వారమంతా నైట్ డ్యూటీ.

తెల్లారి మెట్లెక్కుతుంటే
వరహాలమ్మ గారు బట్టలు జాడించిన నీళ్లు
గొట్టం మొదట్లో ఒంపుతున్నారు.
"నీ రేడియోకి నీళ్లోశానమ్మా,"
అన్నారు తల తిప్పకుండానే,
"ఎండలు ముదురుతున్నాయి కదా."