సున్నాల పుస్తకం

కారట్ ఆకు మీద ఐదు ముక్కుపురుగులు.
పదో రోజు: తిన్నది సున్నా, చచ్చినవి మూడు.
పన్నెండో రోజు: తిన్నది సున్నా.
ఆ తర్వాత లెక్కకి ఎవరూ మిగల్లేదు.

డాక్టర్ గ్వెన్లియన్ ప్రోథెరో పెన్సిల్‌తోనే రాస్తుంది.
ఇంకు లేక కాదు.
పెన్సిల్‌కి కాస్త సిగ్గుంటుందని ఆమె నమ్మకం.

గోడల్మింగ్ ఊరి చివర, రెండు తలుపుల వెనక,
ఒకటి మూస్తేగాని రెండోది తెరుచుకోని గది.
పరానా నది నుంచి ఫ్లాస్కుల్లో వచ్చిన పురుగులు,
మిరపగింజంత ఒళ్ళు, దానికి తగని ముక్కు.
వాటి తిండి ఒక్కటే:
తేలే పెన్నీవర్ట్, మన సరస్వతి ఆకుకి దూరపు చుట్టం.
చేపల తొట్టికి అందమని ఎవరో కొని
విసుగొచ్చి కాలవలో పారేసిన మొక్క.
ఇప్పుడది చెల్మర్ నది మీద చాప పరుచుకుని కూర్చుంది.
పచ్చిక అనుకుని దూకిన కుక్క
చెవులదాకా మునిగి తేలింది.
రోజుకి జానెడు. కోసిన ప్రతి ముక్కా మళ్ళీ మొక్కే.

ముల్లుని ముల్లుతో తీయమన్నారు, సరే.
తీసిన ముల్లు ఇంకెక్కడా గుచ్చుకోదని
ఎవరు పూచీ?
చెరుకుని కాపాడమని తెచ్చిన కప్పలు
సీమంతా పాకిన కథ ఆమెకి కంఠోపాఠం.
అందుకే ఈ ఆకలి పరీక్ష.
ఒక్కో పెట్టెలో ఒక్కో పరాయి ఆకు,
సెలరీ, పార్స్‌నిప్, ఐవీ,
గట్ల మీద ఎవరూ పేరు పెట్టి పిలవని డ్రాప్‌వర్ట్.
తింటావా, చస్తావా అని అడగడం.
చస్తాననాలి.
అదీ మాకు కావలసిన జవాబు.

కొత్తిమీర వంతు నాది.
కొట్లో కట్ట పనికిరాదు, మందు కొట్టి ఉంటుంది.
ధనియాలు నలిపి కుండీల్లో చల్లాను.
ఆ వాసనకి నా కడుపులో ఆకలి లేచేది.
అదే వాసనలో
అవి మూతి ఆనించి, వెనక్కి జరిగి,
గాజు అంచున కాళ్ళు ముడుచుకునేవి.
సున్నా, అన్నాను.
గుడ్, అంది ఆమె తలెత్తకుండా.
ఆ రాత్రి చారులో కొత్తిమీర వేయబోయి
చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

తొమ్మిదేళ్ళు. డెబ్బై రకాల మొక్కలు.
సున్నాలు నిండిన ఆరు పుస్తకాలు
లండన్‌లో ఏదో బల్ల మీదకి వెళ్ళి
ఒక్క సంతకంతో తిరిగొచ్చాయి.

సెప్టెంబర్‌లో, లాక్ దగ్గర పడవలోంచి
మూడొందల పురుగుల్ని ఆకుల మీద దించాం,
ఒక్కోదాన్ని కుంచెతో,
నిద్రపోయే బిడ్డ నుదుటి మీంచి జుట్టు తీసినట్టు.
ఇక్కడ తలుపు లేదు.
చివరిది దిగాక ఆమె చేతులు
అలవాటుగా మూత కోసం వెతుక్కోవడం చూశాను.

ఆపైన చలి.
మార్చి: సున్నా. ఏప్రిల్: సున్నా.
అదే పెన్సిల్, అదే గుండ్రం.
ఇన్నాళ్ళూ పూసలా కనిపించింది
ఇప్పుడు గుంటలా ఉంది.
లాక్ చూసుకునే డెస్మండ్ ఫోన్ చేశాడు,
ఆకులకి చిల్లులు పడ్డాయని.
పరిగెత్తి వెళ్తే నత్తలు.
ఆమె అతనికి థాంక్స్ చెప్పి
నత్తల్ని కూడా లెక్కపెట్టింది.

మే పద్నాలుగు. తుంపర.
ఒక కాడ చీల్చి, కళ్ళజోడు నుదుటి మీదకి తోసి,
ఇటు చూడు, అంది.
కాడ లోపల సన్నటి సొరంగం,
గోధుమరంగు పొట్టు, ఇంకా తడి ఆరలేదు.
పురుగు లేదు.
ఫారంలో తిన్నవాటికి గడి ఉంది,
చచ్చినవాటికి ఉంది,
తిని వెళ్ళిపోయినవాటికి లేదు.
పెన్సిల్ కాసేపు గాల్లో ఆగి
మళ్ళీ ఆమె చెవి మీదకి చేరింది.

తిండివేళ దాటిపోయింది. నా డబ్బాలో
కొత్తిమీర పచ్చడి రాసిన రొట్టెలు.
వద్దంటుందనుకున్నాను,
ఇన్నేళ్ళు ఆ ఆకు పక్కన శవాలే చూసిన మనిషి.
ఒకటి తీసుకుంది.
కారం, కారం అని కళ్ళు తుడుచుకుంటూ
ఇంకొకటి అడిగింది.