దువ్వెన గుర్తు

ఆ ఎండాకాలం కార్పొరేషన్ నాకిచ్చిన పని
పాఠం చెప్పడమే, కాకపోతే పిల్లలకు కాదు.
హార్మోనియం పెట్టెలాంటి సూట్‌కేసు మోసుకుని
బేసిన్ బ్రిడ్జి దిగి, పుళియంతోపు సందుల్లో
తెలుగు మాట వినబడేదాకా నడిచాను.

కుళాయి దగ్గర బిందెలు జరిపించి
స్టూలు మీద మెషీన్ పెట్టాను.
అసలు గుర్తులు చూపించకూడదని రూలు.
ఆఫీసువాళ్లే అతికించి పంపారు:
దువ్వెన, కూజా, గొళ్లెం, గాలిపటం.
ఎవరికీ కోపం రాని వస్తువులు.

"నచ్చిన బొమ్మ పక్కన నీలం బొత్తాం.
ఒక్కసారే. గట్టిగా."
కూఁ... అని అరిచింది.
రేకుల మీది కాకులు లేచిపోయాయి.
పిల్లలు చెవులు మూసుకుని నవ్వారు.

పెంచలమ్మ నవ్వలేదు.
ముప్పై ఏళ్లు వాల్‌టాక్స్ రోడ్డు ఊడ్చిన చెయ్యి,
బ్లీచింగు పౌడరుకు పగిలిన వేలు,
బొత్తాం మీద పెట్టి, తీసి, మళ్లీ పెట్టి
"కరెంటు కొట్టదు గదా టీచరమ్మా?"
కొట్టదు, బ్యాటరీ.
నొక్కింది. కూసింది.
వంగి స్టూలు కింద చూసింది.
"నా ఓటు యాడికి పొయ్యింది?"

లోపలికి, అన్నాను.
"లోపలంటే?"
అంకె అయిపోయి, అన్నాను.
లెక్కల టీచర్ని, నాకూ అంతకు మించి తెలీదు.

"మా యమ్మ కాలంలో మనిషికో పెట్టె ఉండేదంట.
కాయితం అడుగున పడితే చప్పుడు వినపడేదంట.
నా కాలానికి ముద్దర వచ్చింది.
మా ఆయన తొందర్లో అడ్డంగా మడిచినాడు,
సిరా పక్క బొమ్మకంటుకుంది.
చెల్లిందో లేదో ఎవురు చెప్తారు?
చచ్చేదాకా ఆ మడతే తలుచుకున్నాడు.
దీంట్లో మడత లేదా?"
లేదు.
"అయితే మంచిదే"
అంటూ పోయి, వరస చివర మళ్లీ నిలబడింది.
నాలుగోసారికి నేను అడగడం మానేశాను.

పోలింగు రోజు కార్పొరేషన్ బడి.
బోర్డు మీద ఎవరో చెరపని భిన్నాలు.
నా చేతిలో సిరా పుల్ల.
ఆమె వేలి పగుళ్లలోకి ఆ సిరా
ఎండిన కాలవలోకి నీళ్లలా పాకింది.
అట్ట వెనక్కి వెళ్లింది.
చప్పుడు లేదు.
ఏజెంట్లు తలలెత్తారు.

"టీచరమ్మా, దువ్వెన లేదే!"

గదంతా నవ్వింది.
సగం లేచాను. ఆఫీసరు కూర్చోమని సైగ చేశాడు.
ఆ అట్ట దాటి నేను పోకూడదు.
ఎలా నొక్కాలో చెప్పాను,
నా సిలబస్ అక్కడితో సరి.
ఫ్యాను తిరుగుతోంది.
బయట ఎవరో దగ్గారు, ఎవరో విసుక్కున్నారు.
ఎంతసేపో.
కూఁ...

బయటికొచ్చి నా వైపు చూడకుండా
కొంగుతో మొహం తుడుచుకుని వెళ్లిపోయింది.

సూట్‌కేసు తిరిగి ఇచ్చిన రోజు
క్లర్కు ధనశేఖరన్ రిజల్టు నొక్కి చదివాడు.
కూజా తొమ్మిది. గొళ్లెం నాలుగు. గాలిపటం పదిహేను.
దువ్వెన నలభై మూడు.
క్లియర్ నొక్కాడు.
వరసగా సున్నాలు.

నెల తర్వాత, తెల్లారకముందే,
బస్టాపులో చీపురు ఆపి అడిగింది:
"దువ్వెన గెలిచిందా టీచరమ్మా?"

నా బస్సు మలుపు తిరుగుతోంది.
"గెలిచింది. నలభై మూడు."

"అందులో నాలుగు నాయే" అంది,
చీపురు నేలకేసి తట్టి సరిచేసుకుంటూ.