రెండు వందల పదిహేడు

సాలిగ్రామంలో, మేడ మీద మా డబ్బింగు గది.
కింద బిర్యానీ సెంటరు.
తలుపు సందులో గోనెపట్ట కుక్కేవాడు ఇళంగో.
వాసన ఎలాగూ వచ్చేది.
చప్పుడు మాత్రం రాకూడదు.

ఆ గదిలో పది నెలలు నేను పూర్ణని.
తమిళంలో ఆమె పూంగొడి.
'పూ' దగ్గర పెదవులు ముడుచుకుంటాయి గనక
తెలుగులో పూర్ణ అయింది.
నక్షత్రం చూడలేదు, పాదం చూడలేదు,
నోరు చూసి పేరు పెట్టారు.

భాగానికి మూడు వందల యాభై.
ఏడ్చిన రోజు కూడా అంతే.
ఏడుపుకి ఇంకో యాభై ఇవ్వొచ్చు కదా అంటే
మాటలు రాసే భావరాజు గారు
కళ్ళజోడు మీంచి చూసి
"రాసేవాడు ఏడ్చినా అంతేనమ్మా" అన్నారు.

రెండు వందల పదహారో భాగం, చివరి సీను.
పొయ్యి మీద పాలు.
తలుపు చప్పుడు.
పూంగొడి ఎడమవైపు తిరిగి "యారదు?" అంది.
ఆ మూడక్షరాల నోట్లో
నా నాలుగక్షరాలు ఇరికించాను:
"ఎవరదీ?"
"దీ కొంచెం సాగింది మేడం, పరవాలేదు,
రేపు ఎలాగూ తలుపు తీస్తారు" అన్నాడు ఇళంగో.

రేపు ఫోన్ వచ్చింది. రావద్దన్నారు.
ఆ టైముకి ఏదో వంటల కార్యక్రమం పెట్టారట.
తమిళంలోనూ అక్కడే ఆగిందట.
పాత బాకీ నాలుగు భాగాలది
ఇప్పటికీ రావాలి, రాదు.

పదకొండేళ్ళు.
పాలు పొంగలేదు.
ఎవరూ దించలేదు.

భావరాజు గారిని అడిగాను ఒకసారి.
"నాకు వచ్చిన కాయితం వరకే నాకు తెలుసు" అన్నారు.
పూంగొడినే అడిగాను, వడపళనిలో చీరల కొట్లో,
జాకెట్టు గుడ్డ కోసం బేరమాడుతోంటే.
ఇన్ని నెలలు నా గొంతు మోసిన ముఖం
కొత్త గొంతుతో నవ్వింది.
తమిళంలో మాట్లాడిందీ ఆమె కాదట, ఇంకెవరోనట.
"తలుపవతలా? లైటు స్టాండు ఉండేదక్కా.
ఎడమకి చూడమన్నారు, చూశాను."

ఇక అడగడం మానేశాను.
మా ఇంటి తలుపు ఎవరు కొట్టినా
ఎవరని అడక్కుండా తీసేస్తాను.
కొరియరబ్బాయి ఉలిక్కిపడతాడు.

మొన్న, నుంగంబాక్కంలో కంటి ఆసుపత్రి.
నా ముందు వరసలో ఒకామె, కంటికి దూదికట్టు,
రెండో కంట్లో చుక్కల మందు.
కౌంటర్లో నేను నా పేరు చెప్తోంటే
తల ఇటు తిప్పింది.
"నువ్వు పూర్ణవి కదమ్మే?"

నాయుడుపేట నుంచి వచ్చిందట, పేరు మస్తానమ్మ.
"ఆ తలుపు కొట్టిందెవురో చెప్పి పో.
తప్పిపోయిన అన్న అంటా నేను.
పోలీసోళ్ళు అంటాడు మా ఆయన.
ఓడినోళ్ళు నెల్రోజులు అంట్లు తోమాలని పందెం.
పదకొండేళ్ళుగా ఇద్దరం కలిసి తోముతున్నాం."

ఆ పక్కన ఆయన, చేతిలో మందుల చీటీ,
ఏమీ ఎరగనట్టు ఫ్యాను వంక చూస్తున్నాడు.

నాకు తెలీదని చెప్పాలి.
నోరు తెరిస్తే
"ఎవరదీ?" అని వచ్చింది.
అదే గొంతు. దీ అంతే సాగింది.
వరసంతా తిరిగి చూసింది.

మస్తానమ్మ ఆలోచించలేదు.
కట్టు కిందనుంచి, గొంతు బొంగురు చేసుకుని,
మగాడిలా,
"నేనే చెల్లీ. తలుపు తియ్" అంది.

"అన్యాయం" అన్నాడు ఆయన.
"నువ్వే కొట్టి నువ్వే పలికితే ఎట్టా?"

నేను పలకాల్సిన తర్వాతి మాట ఉంటుంది కదా.
కాయితం లేదు. ఎదురుగా తెర లేదు.
కదిలే పెదవుల్లేవు, అందుకోడానికి.
నర్సు తమిళంలో టోకెన్ నంబరు పిలుస్తోంది, రెండోసారి,
అది నాదే,
నేను ఎడమవైపు తిరిగి
ఇంకా అక్కడే ఉన్నాను.