నాలుగో సాక్షి

ఆరో భాగంలో నా గొంతు లేదు,
నా మాట ఉంది.
ఎవరో పిల్ల కోర్టు కాగితం చూసి చదివింది:
"నీలం చొక్కా. సైకిలు. నీవా వంతెన. రాత్రి ఎనిమిదిన్నర."
నేనంత చక్కగా చెప్పలేదు.
నాకప్పుడు పద్నాలుగేళ్ళు, జలుబు,
జడ్జి రెండుసార్లు "గట్టిగా చెప్పమ్మా" అన్నాడు.

చిత్తూరు బయట మామిడి గుజ్జు ఫ్యాక్టరీ, రాత్రి షిఫ్టు.
ఎడమ చెవిలో పాడ్‌కాస్ట్, కుడి చెవిలో మిషను.
బెల్టు మీద బెంగుళూరా కాయలు వస్తానే ఉంటాయి.
పుచ్చిందాన్ని తీసి పక్కన పారేసేది నా పని.
పదకొండు సీజన్లుగా ఇదే. సూపర్‌వైజరు నా బుట్ట తిరిగి చూడడు.

మగగొంతు అంటాడు: "ఏకాంబరమే. సందేహం దేనికి?
బెల్లం మండీలో గుమస్తాతో బాకీ తగాదా, ముందురోజే బెదిరింపు,
పైగా చూసిన సాక్షి."
ఆడగొంతు అంటుంది: "ఆగండి. ఆ రాత్రి సంతపేట నుంచి వంతెన దాకా కరెంటు లేదు.
సబ్‌స్టేషను రిజిస్టరు నా ముందుంది. అమావాస్య వెళ్ళి రెండో రోజు.
ఆ చీకట్లో నీలం ఎట్లా తెలిసింది ఆ అమ్మాయికి?"

ఎట్లా తెలిసింది?
పుచ్చుకాయొకటి నా చేతికింద నుంచి జారిపోయింది.

ఏడుకొండలు హెడ్డు నాకు రోజ్‌మిల్క్ ఇప్పించినాడు.
మంచోడే. కొట్టలేదు, కసరలేదు.
"నీలమా పాపా, పచ్చా?" అని అడిగినాడు.
తెలీదు అనే రంగు ఆయన చెప్పిన రెండింట్లో లేదు.

తర్వాత అమ్మకు చెప్పినా, ఎస్సైకి చెప్పినా,
ఇస్కూల్లో గోడ పక్కన చుట్టూ చేరినోళ్ళకు చెప్పినా.
ఉతికే కొద్దీ వెలిసిపోయే చొక్కాలే ఇంట్లో అన్నీ,
చెప్పే కొద్దీ రంగెక్కింది అదొక్కటే.

ఎవరూ అడగందొకటి ఉంది.
చైను కవరుకు రాసుకుంటా కిర్రు కిర్రుమనే చప్పుడు.
అది నాకు బాగా జ్ఞాపకం.
మూడో భాగంలో ఏకాంబరం చెల్లెలు అనింది,
"మా అన్న సైకిలుకు చైను కవరే లేదు సార్,
పంచె చిక్కుకుంటాదని తాడు కట్టుకునేవాడు."
ఆ రాత్రి నాకు కూడు దిగలేదు.

కానీ అదే భాగం మొదట్లో,
సంగీతం కంటే ముందు,
వాళ్ళే ఒక సైకిలు చప్పుడు పెట్టినారు.
కిర్రు కిర్రు.
నేను విన్నది వంతెన మీదా, చెవిలోనా?

పద్నాలుగేళ్ళు కడప జైల్లో ఉండి వచ్చినాడు.
గ్రీమ్స్‌పేటలో ఒక కల్యాణమండపానికి వాచ్‌మన్ ఇప్పుడు.
పోయిన నెల పెళ్ళికి పోతే చెప్పులు చూపించి
"ఆ పక్క విడవండమ్మా" అన్నాడు.
చూడంగానే గుర్తుపట్టినా.
వంతెన మీది మొగం కాదు, బోనులోది.
వంతెన మీద మొగమే లేదు.

చచ్చిపోయిన గుమస్తా పెళ్ళాం కూడా మాట్లాడింది, నాలుగో భాగంలో.
"ఎవరో ఒకరు చేసుండాలి కదా నాయనా," అనింది.
ఆ మాటకు ఇద్దరూ కాసేపు ఊరకుండినారు.
నాకు ఆ ఊరకుండడమే నచ్చింది.

"నాలుగో సాక్షి కోసం చాలా వెతికాం," అంటుంది ఆడగొంతు, "దొరకలేదు."
దొరక్క ఏం, ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్నా,
చేతులు మోచేతి దాకా పసుపు జిగురు.

టీ గంట కొట్టినారు. బెల్టు ఆగింది.
పక్కన నిలబడే దేశమ్మను అడిగినా,
"అక్కా, నిన్న నేనే చీర కట్టుకునుంటి?"
"పచ్చది," అనింది టక్కున, కప్పు ఊదుకుంటా,
"జరీ అంచుది. బాగుండె."

నిన్న నేను పనికే రాలేదు.