రెండో రిమోట్

మిర్యాలగూడ, సాగర్ రోడ్డు, జానిమియా షెడ్డు.
"తాళం ఐదుసార్లు తిప్పు. బటన్ వదలకు.
మూడుసార్లు కూస్తది,
పాత రిమోట్లన్నీ మర్సిపోతది."

ఒక కూత.

కొన్నకాడ్నించి రాత్రి రెండింటికి
ఎవరూ ముట్టకుండనే స్టార్టయ్యే కారు.
నిన్న వడ్ల లారీ లైట్ల వెలుగుల కనవడ్డది:
ఎదురింటి మెట్ల మీద సైదమ్మ,
కొంగు చాటున బొటనవేలు.
ఆమె పెనిమిటి నడిపిన బండి.
"రెండో రిమోట్ యాడనో పోయింది సారూ"
అన్నది అమ్మేటప్పుడు.

రెండో కూత.
తాళం గుంజిన.

"ఏందన్నా, ఇంకొక్కటే ఉండె!"
"ఉండనీ మియా. డీజిలెంత కాలుతది?"
"గేర్ల ఉంటే దుంకుతది, జర పైలం."

అప్పటిసంది
న్యూట్రల్‌ల పెట్టి, హ్యాండ్‌బ్రేక్ గుంజి
పండుకుంటున్న.