నాలుగు కొసలు

మా దగ్గర ఫంక్షన్ అంటే పెళ్ళి కాదు.
డేటాబేస్ లోపల రాసుకున్న కొన్ని లైన్లు.
పిలిస్తే వస్తుంది, లెక్క చెప్పి పోతుంది.
పోతూ పోతూ వాడుకున్న జాగా తిరిగిచ్చేయాలి,
అదీ మర్యాద.

ఇది ఇవ్వడం లేదు.
పిలుపుకు రెండొందల బైట్లు,
ఎవరి కంటికీ ఆనని చిల్లర.
నానక్‌రాంగూడ ఏడో అంతస్తులో
సోమవారం సన్నగా ఉన్న సర్వరు
శనివారానికి ఆయాసపడుతుంది.
"ఆదివారం రాత్రి రీస్టార్ట్ కొట్టెయ్" అంటాడు శశాంక్,
జ్వరానికి గోలీ చెప్పినంత తేలిగ్గా.
ఏడాదిగా ఆ గోలీయే వేస్తున్నాం.

మూడు రాత్రులు వెతికాను.
తెచ్చిన ప్రతి జాగాకూ
కింద ఇచ్చేసే లైను ఉంది.
లెక్క సరిపోయింది.
సర్వరు ఉబ్బుతూనే ఉంది.

నాలుగో రోజు లాలాపేటలో
బాలనర్సు మామ టెంట్ హౌస్ ముందు
గంగాళాలు కడుగుతున్నారు.
స్టీలు గ్లాసులు యాభై తక్కువ.
"మంచిగ అయిన దావత్ల ఒక్క చెంచా పోదు బిడ్డా.
లొల్లయి నడుమల లేసిపోతరు సూడు,
గా దినమే పోతయి.
లెక్కవెట్టేటోడు ఆఖర్ల గద నిలవడేది,
ఆఖరు దాంక ఎవడుండె?"

చేతిలో చాయ్ మీద మీగడ కట్టింది.

తప్పుడు తేదీ ఒకటి వచ్చి తగిలితే
నా ఫంక్షనూ అంతే,
ఉన్నచోటి నుంచే దూకి వెళ్ళిపోతుంది.
ఇచ్చేసే లైను కింద నిలబడే ఉంటుంది
జనం గోడ దూకి పోయిన హాలుకు
గేటు కాస్తున్నట్టు.

"మరి ఏం చేస్తవ్ మామా?"
"ఇగ లెక్కవెట్టుడు బంద్.
ముందుగాల ఒక జంఖానా పరుస్త,
సామానంత దాని మీదనే.
నవ్వుకుంట పోనీ, తన్నుకుంట పోనీ,
నాలుగు కొసలు వట్టి మూటగడ్త."

ఆ రాత్రి పదమూడు లైన్లు తీసేసి
మూడు పెట్టాను.
మొదట్లోనే చిన్న జాగా ఒకటి విడిగా పరచడం,
ఏం తెచ్చుకున్నా అందులోనే పెట్టుకోవడం,
పని అయినా చెడినా
దాన్ని మూటగా ఎత్తెయ్యడం.

కావాలనే లక్ష తప్పుడు తేదీలు పంపాను.
ఫిబ్రవరి ముప్పైలు, పదమూడో నెలలు.
గ్రాఫు మీద గీత
తలెత్తలేదు.

ఆదివారం ఆఖరిసారి రీస్టార్ట్ కొట్టాను.
ఏడు రోజులుగా పోయిన జాగా అంతా
ఒక్క నిమిషంలో వెనక్కొచ్చింది.

లాలాపేటలో అట్లాంటి మీట లేదు.
ఆ యాభై గ్లాసులూ
ఎవరింట్లోనో ఈపాటికి
సొంత గ్లాసులైపోయి ఉంటాయి.