యాభై ఐదు డిగ్రీలు

గ్రీన్‌బ్రయర్ లోయలో, వెర్నా ఇంటి వెనక వసారాలో
టమాటాలు ఉడికించే పెద్ద గుండిగ
ఇవాళ తాడుకు నీళ్లు కాస్తోంది.

అరవై మీటర్ల నైలాను.
ముందు చన్నీళ్లలో గుహ బురద వదిలించింది,
మెత్తటి బ్రష్షుతో, జానెడు జానెడుగా,
పసిదాని చిక్కుజడ విప్పినట్టు.
వేలికింద ఏదో గట్టిగా తగిలితే ఆగుతుంది,
కళ్లు మూసుకుని మళ్లీ తడుముతుంది.
మట్టిబెడ్డ. అంతే.

"గ్లాసుడు బ్లీచు గుమ్మరిస్తే పోయేదానికి!"
కంచె అవతలి నించి హోబర్ట్.
పోతుంది. బూజు చస్తుంది.
తాడూ చస్తుంది, మాట మాత్రం చెప్పదు.
పైకి నిగనిగలాడుతూ, లోపల పోగు పోగూ పిండవుతూ
ఎనభై అడుగుల చీకటి మీద ఎవరో వేలాడే దాకా
ఆ సంగతి కడుపులో దాచుకుంటుంది.
తాడో పేడో తేల్చుకునే చోటు కాదది.

అందుకే వేడినీళ్లు. జామ్ కాచే థర్మామీటరు.
యాభై ఐదు దాటాక తాడు ముంచి
పైకి తేలకుండా పళ్లెం బోర్లించి
గడియారంలో ఇరవై నిమిషాలు తిప్పింది.

ఆ ఫిబ్రవరిలో గుహ వాకిట, మంచు మీద,
పట్టపగలు గబ్బిలాలు.
పిండిలో మూతి పెట్టినట్టు తెల్లటి ముక్కులు.
నిద్ర చెడి, ఆకలేసి, పురుగు లేని చలికాలంలోకి ఎగిరొచ్చి
చేతి తొడుగుల్లా రాలి ఉన్నాయి.
అంతకుముందు ఏడు లెక్క పదకొండు వందల పద్నాలుగు.
మరుసటేడు రాయడానికి పెన్సిలు చెక్కక్కర్లేకపోయింది.

ఎవరు మోసుకొచ్చారో తెలీదు.
గాలో, గబ్బిలమో, బూటో.
ఆ శరదృతువులోనే పక్క రాష్ట్రం గుహలో దిగి
అదే బురద తాడుతో ఇక్కడా దిగింది వెర్నా.
ఈ మాట ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్లూ లేరు.

గంట మోగింది. లేవలేదు.
ఇంకో రెండు నిమిషాలు ఉండనిచ్చింది.

ఎండలో ఆరేయకూడదు, ఎండా కొరుకుతుంది నైలానును.
కొట్టంలోకి మోయాలి. తడిసిన తాడు దూడంత బరువు.
హోబర్ట్ కంచె దాటొచ్చి రెండో కొస అందుకున్నాడు.

"ఇప్పుడెన్ని ఉన్నాయి లోపల?"
"ముప్పై ఒకటి."
చుట్ట సవరించుకుంటూ అంది, "పోయినేడు ఇరవై తొమ్మిది."

ఇద్దరి మధ్యా నేల మీద నీటి గీత,
వంకర టింకరగా, కొట్టం దాకా.